వంజరానికి కుదిరిన జీను

రెండువేల సంవత్సరం తర్వాత మా విశాఖపట్నం బీచిలో గుర్రమెక్కిన పిల్లలకీ, ఆ గుర్రం పక్కనే ఊపిరి బిగబట్టి నడిచిన వాళ్ళ అమ్మలకీ ఒక ఆకుపచ్చ రెగ్జిన్ జీను గుర్తుండే ఉంటుంది. అచ్చం స్కూటరు సీటులా ఉందని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, దాని పైభాగం నిజంగా స్కూటరు సీటే. కిందిభాగం తెప్ప. అదెలా తయారైందో చెప్పాలంటే ముందు గవర్రాజు సంగతి చెప్పాలి.

గవర్రాజుది పెదజాలారిపేట. తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన ఇల్లు. దుంగల్ని తాడుతో బిగించి కట్టిన తెప్ప మీద తండ్రి వేటకి వెళ్ళేవాడు, అన్న వెళ్ళేవాడు. గవర్రాజు కూడా వెళ్ళేవాడు గానీ, కెరటాలు దాటి తెప్ప కాస్త నిలదొక్కుకోగానే తిన్నదంతా సముద్రానికి సమర్పించుకునేవాడు. నిమ్మకాయ వాసన చూపించారు. అమ్మవారికి మొక్కారు. కళ్ళు మూసుకోమన్నారు, తర్వాత తెరుచుకోమన్నారు. ఏం చేసినా సముద్రం అతని కడుపుకి పడలేదు. జాలరి ఇంట్లో పుట్టినవాడికి అంతకన్నా సిగ్గుపడాల్సిన జబ్బు ఇంకోటి ఉండదు. పేటలో అతనికి గట్టు గవర్రాజని పేరు పెట్టేశారు.

అతని భార్య కాశమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీలో అమ్ముకొచ్చేది. తోటి ఆడవాళ్ళు ఆమెను ఊరికే వదిలేవారు కాదు.

"ఏటే కాశమ్మా, మీ ఆయన ఇయ్యాల గట్టు మీద ఏటి పట్టేడే?"

"నిన్నే పట్టేడు. బరువెక్కువని మల్లీ ఒగ్గేసేడు," అనేది కాశమ్మ, తట్ట దించకుండానే.

తెప్ప పని కుదరక గవర్రాజు ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మలు మోసేవాడు. అలా ఉండగా, మద్దిలపాలెంలో పెళ్ళిళ్ళకి గుర్రాలు పంపే దొరబాబు దగ్గర ఒక పడుచు గుర్రం మొండికేసింది. దానికి బాజాలంటే భయం. ఒక పెళ్ళి ఊరేగింపులో బాకా ఊదగానే పెళ్ళికొడుకుతో సహా పరుగు లంకించుకుంది. తలపాగా ఒక వీధిలో దొరికింది, పెళ్ళికొడుకు ఇంకో వీధిలో దొరికాడు. ముహూర్తం వేళకి అతన్ని ఆటోలో తెచ్చి పీటల మీద కూర్చోబెట్టారు. ఆ దెబ్బతో దొరబాబు గుర్రాన్ని వదిలించుకోవాలనుకున్నాడు. గవర్రాజు ఉమ్మడి తెప్పలో తన వాటా అన్నకి ఇచ్చేసి, ఆ డబ్బుతో గుర్రాన్ని కొని తోలుకొచ్చి ఇంటి ముందు కట్టేశాడు.

కాశమ్మ బయటికొచ్చి చూసింది.

"తెప్పిచ్చేసి గుర్రం తెచ్చేవా? రేపు గుర్రవిచ్చేసి ఏటి తెత్తావు మావా, ఏనుగా?"

బూడిదరంగు ఒళ్ళు, పక్కల మీద ముదురు చుక్కలు, ఎండ పడితే వెండిలాంటి మెరుపు. అందుకే దానికి వంజరం అని చేప పేరు పెట్టాడు. "అప్పుడే వల్లోంచి తీసిన వంజరం నాగే నేదా గురూగారూ?" అని నన్ను అడిగాడు. గురూగారు అనేది నన్ను. పోర్టు ఆఫీసులో గుమాస్తాని. ఒంట్లో చక్కెర చేరిందని డాక్టరు పొద్దున్నే నడవమంటే బీచికి వెళ్ళడం మొదలుపెట్టాను. చక్కెర తగ్గిందో లేదో గానీ గవర్రాజు దొరికాడు.

మొదట్లో అతనికి జీనూ లేదు, దాని ఊసూ లేదు. తెల్లవారుతూనే ఒట్టి వీపు మీద కూర్చుని, తడి ఇసక మీద పేట నుంచి ఆర్కే బీచి దాకా వెళ్ళొచ్చేవాడు. కెరటాల్లో తెప్ప మీద కూర్చునేవాళ్ళు మోకాళ్ళతో, కాలివేళ్ళతో దుంగని కరిచిపట్టుకుంటారు. ఆ కూర్చోడం అతనికి చిన్నప్పుడే వచ్చింది, కడుపే కలిసిరాలేదు. ఇప్పుడు ఆ మోకాళ్ళకి పని దొరికింది. వంజరం పరిగెత్తుతుంటే అతను దాని మీద కూర్చున్నట్టు ఉండేది కాదు, దాంతో పాటే పుట్టినట్టు ఉండేది.

"సముద్రం మీద తిరిగే కడుపు గుర్రం మీద తిరగదేంటయ్యా?" అన్నాను.

"సముద్రం నా మాట ఇనదు గురూగారూ. ఇది ఇంటాది."

అంతటితో ఊరుకోక నేనూ ఒకసారి ఎక్కుతానన్నాను. బోర్లించిన పడవ అంచు మీంచి ఎక్కించాడు. గుర్రం కదిలింది. గుర్రం వీపు ఇంత నున్నగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పట్టుకోడానికి ఏమీ కనపడక దాని మెడని రెండు చేతులా కావలించుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ భజన మండలిలోని ఆవిడ ఎదురొచ్చింది. నేను దిగి, ఇసక దులుపుకుని, నడిచి ఇంటికెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరి కాఫీ కూడా తాగి వెళ్ళిపోయింది.

బీచికొచ్చే పిల్లల్ని ఎక్కించి తిప్పితే గుర్రానికీ ఇంటికీ గడుస్తుందని గవర్రాజు అనుకున్నాడు. పిల్లలు సై అనేవారు. తల్లులే, "జీను లేదా బాబూ? పిల్ల జారిపోతే?" అనేవారు. జీనంటే గవర్రాజుకి చులకన. "మద్దిలో అదెందుకు గురూగారూ? గుర్రానికీ మనిసికీ మద్దిన మంచం ఏసినట్టు!" అనేవాడు. కానీ తల్లులతో వాదించి ఎవరు నెగ్గారు? చివరికి దొరబాబు దగ్గర మూల పడున్న పెళ్ళి జీను ఒకటి తెచ్చుకున్నాడు. ఇనప చట్రం, ఎర్ర మఖమలు, చుట్టూ చిన్న చిన్న అద్దాలు. ఏదో బలిసిన మగ గుర్రానికి చేయించినది. సన్నపాటి వంజరం మీద అది తండ్రి చొక్కా కొడుక్కి తొడిగినట్టుంది.

జీను వచ్చింది కదా అని నా పాత అవమానం కడిగేసుకుందామనుకున్నాను. ఈసారి దర్జాగానే ఎక్కాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత ఎందుకో డాల్ఫిన్స్ నోస్ కొండ కొంచెం ఒరిగినట్టు కనిపించింది. మరికొంచెం ఒరిగింది. ఒరిగింది కొండ కాదు, నేను. జీనూ నేనూ కలిసి మెల్లగా, ఏ తొందరా లేకుండా, గుర్రం పక్కకి, అక్కణ్ణుంచి దాని పొట్ట కిందికి ప్రయాణం చేశాం. వంజరం మంచిది కాబట్టి ఆగి, తల వంచి, నేనక్కడ ఏం చేస్తున్నానో చూసింది.

"గురూగారూ, కింద ఏటైనా పడిపోనాదేటండీ?" అంది కాశమ్మ ఒడ్డు మీంచి.

గవర్రాజుకి మాత్రం నవ్వు రాలేదు. నా చోట ఏ పసిపిల్లో ఉంటే ఏమయ్యేదని అతని బెంగ. దానికి అతను కనిపెట్టిన మందు జాలరివాడికే తట్టే మందు. కదులుతున్న దుంగల్ని తెప్పవాళ్ళు ఏం చేస్తారు? నారతాడుతో గట్టిగా కడతారు. పొడిగా ఉన్నప్పుడు ఎంత బిగించినా కొంచెం ఆడుతుంది గానీ, నీళ్ళలో దిగాక తాడు నీరు తాగి బిగుసుకుంటుంది. ఇక ఆ దుంగల మధ్య గోరు కూడా దూరదు. గవర్రాజు ఆ తాడే తెచ్చి, తెప్ప కట్టే ముడే వేసి, జీనుని గుర్రానికి కట్టేశాడు.

"ఇంక సునామొచ్చినా కదల్దు," అని మురిసిపోయాడని రాద్దామనుకున్నాను గానీ, ఆ రోజుల్లో మాకు ఆ మాటే తెలీదు. "తుపానొచ్చినా కదల్దు," అన్నాడు.

కదల్లేదు కూడా. వేసవి సెలవులు. సాయంత్రం బీచి నిండా జనం. పిల్లలు నీళ్ళ అంచున తిప్పమని గోల. కెరటం వచ్చినప్పుడల్లా వంజరం పొట్ట దాకా తడిసింది. తాడూ తడిసింది. గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. ఒకసారి ఆగింది, అదిలిస్తే నడిచింది. తర్వాత ఉన్నట్టుండి ముంగాళ్ళు మడిచి నీళ్ళలో కూలబడిపోయింది. పైనున్న పిల్లలు ఇదీ ఆటేననుకుని కేరింతలు కొట్టారు. గవర్రాజు వాళ్ళని దింపేసి ముడి విప్పబోయాడు. తెప్ప ముడి తడిలో ఊడుతుందా? కాశమ్మ చేపలు కోసే కత్తితో పరిగెత్తుకొచ్చి తాడు తెగ్గోసింది.

జీను తీస్తే కింద, మూపు దగ్గర ఎముక మీద, చర్మం లేచిపోయి ఎర్రగా పచ్చిగా ఉంది. ఆ పుండు ఆ పూటది మాత్రమే కాదని చూసినవాళ్ళకి అర్థమవుతుంది. ఇనప చట్రం ఎన్నాళ్ళుగానో అక్కడ రాస్తూ ఉంది, తాడు దాన్ని లోపలికి దింపింది. గవర్రాజు పొడి ఇసకలోకి వెళ్ళి కూర్చుని, గట్టు మీద మొదటిసారి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు గుర్రాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్ళాం. డాక్టరు నీలిమ అని, కొత్తగా వచ్చిన అమ్మాయి. "నేను గేదెల్నీ కుక్కల్నీ చూస్తానండీ. గుర్రమెక్కినదాన్ని కూడా కాదు," అని ముందే చెప్పి, చదువుకున్నప్పటి పుస్తకం తీసి, మా ముందే పేజీలు తిప్పి, పుండు కడిగి మందు రాసింది. తర్వాత వంజరం వెన్నెముకకి చెరో పక్కా అరచేతులు ఆనించి చూపించింది.

"బరువు ఇదిగో, ఇక్కడా ఇక్కడా పడాలి. కండ మీద. మధ్యనున్న ఎముకకి ఏదీ తగలకూడదు, గాలి ఆడాలి. పుండు మానేదాకా వీపు మీద ఏ బరువూ పెట్టకండి. ఎవరూ ఎక్కకండి."

"నాను కూడానా అమ్మా? నాను జీను ఏసుకోను, ఒట్టి ఈపు మీదే..."

"ఒట్టి వీపు మీద ఎక్కితే మీ పిర్రల ఎముకలు సరిగ్గా దాని ఎముక పక్కనే గుచ్చుకుంటాయి గవర్రాజు గారూ. కాసేపైతే పర్వాలేదు. రోజూ అంటే దానికి నొప్పే. మంచి జీను బరువుని పరిచి పంచుతుంది."

గవర్రాజు మొహం చూడలేకపోయాను. ఇన్నాళ్ళూ జీను లేకుండా ఎక్కడం గుర్రానికి తను చేస్తున్న మర్యాద అనుకున్నాడు. దారంతా వంజరం వెనకాలే నడిచాడు, ముందుకు రాలేదు.

ఇంటి దగ్గర దొరబాబు కాచుకుని ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు. జనంలో, మైకుల్లో, టపాసుల్లో తిరిగి తిరిగి వంజరానికి బెదురు పోయిందని అతనికి తెలిసింది.

"నాకిచ్చెయ్ బావా. ఇపుడు బేండు కాదు, బాంబేసినా నిలబడతాది. నా కాడ సావిడుంది, మేత ఉంది."

"నీ కాడ ఇనప జీనుంది," అన్నాడు గవర్రాజు.

కాశమ్మ గుమ్మంలోంచి మాట్లాడింది. "మావా, అది నోరు నేనిది. నీ సేతిలో ఇంకోపాలి ఇలగైతే నాను సూళ్ళేను. కూకోబెట్టి మేపడానికి మనం రాజులం కాదు. కార్తీక మాసం నాటికి దాని ఈపు మానాల, దానికి సరైన జీను దొరకాల. దొరికిందా, ఉంటాది. నేదా, దొరబాబు అట్టుకుపోతాడు. అంతే."

కార్తీకంలో బీచి నిండా పిక్నిక్కుల జనం. ఏడాది గడిచేది ఆ నెల మీదే. గవర్రాజు తలూపాడు. ఆ ఊపడంలో ఒప్పుకోవడం కంటే భయమే ఎక్కువ.

ఆ వానాకాలమంతా వంజరం మీద సన్నకళ్ళ రొయ్యల వల కప్పి ఉండేది, ఈగలు వాలకుండా. ఆ వల కప్పింది కాశమ్మ. అంతకుముందు ఆవిడ గుర్రం ఛాయలకి కూడా వెళ్ళేది కాదు. ఇప్పుడు పొద్దున్నే తట్ట ఎత్తుకునే ముందు పుండు కడిగి, డాక్టరమ్మ ఇచ్చిన మందు రాస్తూ తిట్టేది. "కదలకే! నానేం నీ మొగుణ్ణా, తాడేసి కట్టడానికి?" వంజరం ఆవిడ భుజం మీద తల పెట్టి తిట్లన్నీ వినేది.

పుండు మానుతోంది. జీనే దొరకలేదు. మా ఆఫీసులో అడగ్గా అడగ్గా, పెందుర్తిలో ఒక రిటైరైన మిలిటరీ ఆయన ఇంట్లో గోడకి పాత జీను వేలాడుతోందని తెలిసింది. నా స్కూటరు మీద వెళ్ళి అడిగి తెచ్చాం. వెనక సీటు మీద గవర్రాజు, అతని ఒళ్ళో జీను. గోపాలపట్నం దగ్గర ఎవడో, "బావా, గుర్రం ఎనకాల ఒత్తందా?" అని అరిచాడు. తీసుకొచ్చి వల మీదే మెత్తగా ఆనించి చూస్తే అది మరీ ఇరుకు. వంజరం మూపుని రెండు వైపులా పటకారులా పట్టుకుంది. అది గవర్రాజు చేతిలో ఉండగానే గుర్రం చెవులు వాల్చేసింది. జీనుని మళ్ళీ పెందుర్తి గోడకి చేర్చి వచ్చాం. తిరుగు దారిలో గవర్రాజు ఒక్కటే మాట అన్నాడు.

"ఆ కార్తీకం ఇంకా బేగొచ్చేత్తన్నట్టుంది గురూగారూ."

దసరా వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కాశమ్మ గుమ్మంలో కూర్చుని వలకి సీసం కడుతోంది. వల అంచు నీళ్ళలో మునగడానికి సన్నని సీసం రేకులు తాడుకి చుట్టి నొక్కుతారు. వేళ్ళతో ఎలా వంచితే అలా వంగి, అలాగే ఉండిపోతుంది సీసం. గవర్రాజు ఎదురుగా, ఒక ఇనపతీగని వంజరం వీపు మీద పెట్టి కొలత తీయాలని చూస్తున్నాడు. తీగ వీపు మీద ఉన్నంతసేపూ వంగి ఉంటుంది, తీయగానే టంగుమని తిన్నగా అయిపోతుంది. నాలుగుసార్లు కాశమ్మ చూసింది. ఐదోసారి వల పక్కన పడేసి లేచింది. చుట్టగా ఉన్న సీసం బద్దని పొడవుగా సాగదీసి, గుర్రం వీపుకి అడ్డంగా వేసి, ఈ పక్క నుంచి ఆ పక్కకి వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళింది. మెల్లగా పైకెత్తింది.

సీసం వంగినట్టే ఉంది.

"ఏటే అది?" అన్నాడు గవర్రాజు.

"దీని ఈపు," అంది కాశమ్మ, దాన్ని గాల్లో పట్టుకుని.

మూపు దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి, వెన్ను పొడుగునా చెరో పక్కా ఒకటి తీసింది. హార్బరులో పడవలు చేసే వడ్రంగి అర్జునరావుకి వాటిని చేర్చే బాధ్యత నాకిచ్చారు. గుమాస్తా పని కదా, జాగ్రత్తగా చేస్తాననుకున్నారు. నేను వాటిని స్కూటరు డిక్కీలో పెట్టాను. పైన టిఫిన్ కేరేజీ పెట్టాను. అర్జునరావు నేనిచ్చినదాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"గురూగారూ, ఇది గుర్రం ఈపంటారా? మీ కేరేజీ మూతంటారా?"

కాశమ్మ మళ్ళీ కొలతలు తీసింది. ఈసారి చేపల తట్టలో గడ్డి పరిచి, వాటిని అందులో పెట్టి, నెత్తిన పెట్టుకుని తనే బయల్దేరింది. బస్సులో కూడా తట్ట దించలేదట. దగ్గరికొచ్చిన ప్రతివాడితో, "జరుగురా అటు, గుర్రం తగుల్తాది," అందట. బస్సంతా ఆ తట్ట వంక ఎగాదిగా చూసింది.

అర్జునరావు తెప్పలకి వాడే తేలిక కర్రతో రెండు చెక్కలు చెక్కాడు. కింది వైపు సీసం వంపుకి సరిగ్గా దించాడు. రెండు చెక్కల మధ్య బెత్తెడు ఖాళీ వదిలి, ముందూ వెనకా వంపు కర్రలతో కలిపాడు. అన్నీ తాడుతో కట్టినవే, మేకు లేదు. "రెండు దుంగల తెప్పే కదురా ఇది, మద్దిన సందొగ్గేను," అన్నాడు. తాడు దగ్గర మాత్రం గవర్రాజు అడ్డం పడ్డాడు. "నార వద్దు మావా. నైలానెయ్. నైలాన్ నీళ్ళు తాగదు." దొండపర్తిలో స్కూటరు సీట్లు కుట్టే ఆయన పైన మెత్త వేసి, ఆకుపచ్చ రెగ్జిన్ తొడిగాడు. కడుపు కింద వెడల్పాటి పట్టీ కూడా ఆయనే కుట్టాడు. ఏ బండికని అడిగితే గుర్రానికన్నాను. ఏ మోడలని అడిగాడు.

కార్తీకం వచ్చేసింది. మొదటి ఆదివారం పొద్దున్నే పేట ముందున్న ఇసకలో అందరం చేరాం. డాక్టరు నీలిమ కూడా సెలవు రోజని చూడకుండా వచ్చింది. దొరబాబు బోర్లించిన పడవకి ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో కొత్త పగ్గం. మాట ప్రకారం వచ్చాడు, ఎవరూ తప్పు పట్టలేరు.

జీను సరిగ్గా కూర్చుందో లేదో కంటికి తెలీదని, గుర్రం వీపు మీద ఏదైనా పొడి చల్లి, జీను వేసి నడిపించి, తీసి చూడాలని నీలిమ చెప్పింది. ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ పొడి చెదురుతుంది.

"పొడెందుకమ్మా, ముగ్గుంది కదా," అంది కాశమ్మ.

వంజరం వీపుకి నీళ్ళ చెయ్యి రాసి, వెన్నెముక పొడుగునా ఒక గీత గీసి, ఆ గీతకి చెరో పక్కా చుక్కలు పెట్టి, పక్కల మీద కండ ఉన్నచోట అడ్డగీతలు వేసింది. వంజరం పండగ గుమ్మంలా తయారైంది. జీను వేసి పట్టీ బిగించారు. ఇక ఎవరైనా ఎక్కాలి.

నేను గొంతు సవరించుకుని ముందుకొచ్చాను. నీలిమ నన్ను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది.

"మీరు వద్దులెండి అంకుల్. మొదటిసారి కదా."

గవర్రాజు ఎక్కాడు. కొంత దూరం తీసుకెళ్ళి తెచ్చాడు. నీలిమ తల అడ్డంగా ఊపింది. "మీరు జీను మీద కూర్చోవట్లేదు గవర్రాజు గారూ. మోకాళ్ళతో వేలాడుతున్నారు. బరువు దాని మీద వెయ్యరే!"

నిజమే. మళ్ళీ ప్రయత్నించాడు. ఒళ్ళు వదులు చేద్దామన్నా అతని వల్ల కాలేదు, పుట్టిన దగ్గర్నుంచి కరిచిపట్టుకోడమే నేర్చుకున్నవాడు. దొరబాబు పగ్గాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గవర్రాజు దిగి, మొహం తుడుచుకున్నాడు.

"ఊరికే కూకునే మనిసి కావాల. ఏటీ రాని మనిసి," అన్నాడు.

అందరూ కాశమ్మ వైపు చూశారు.

"నన్ను సూత్తారేటి? నాను ఎక్కను. మా ఇంట్లో ఆడది తెప్పెక్కదు. మా అత్త ఎక్కనేదు, మా అమ్మ ఎక్కనేదు."

"ఇది తెప్ప కాదే, గుర్రం."

"రెండు దుంగల తెప్పని నీ అర్జునరావు మావే అన్నాడు! నా సెవులతో ఇన్నాను."

"ఓలే కాశీ," గవర్రాజు గొంతు తగ్గించాడు. "దాని ఈపు కొలిసింది నువ్వు. మందు రాసింది నువ్వు. అది నమ్మితే నిన్నే నమ్మాల. నాను సచ్చేదాకా నిన్నింకేటీ అడగను."

"రేపు కాఫీ అడగవా?"

"అడగను."

"సూత్తాను," అని కాశమ్మ కొంగు దోపుకుంది. పడవ అంచెక్కి, అమ్మోరిని తలుచుకుని, రెండు కాళ్ళూ ఒకే పక్కకి వేసుకుని ధబ్బున కూర్చుంది. అంత నిండుగా, అంత నిజాయితీగా జీను మీద బరువు వేసిన మనిషిని నేను చూడలేదు. గవర్రాజు కళ్ళెం పట్టుకుని ముందు నడిచాడు. వంజరం ఒక అడుగు వేసి ఆగింది. అందరం దాని చెవుల వంకే చూస్తున్నాం. చెవులు వెనక్కి పోలేదు. తల కిందికి దించి, ముక్కుతో గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, నడక సాగించింది. నీళ్ళ అంచు దాకా వెళ్ళారు. కెరటం గుర్రం పొట్ట తడిపింది. గవర్రాజు ఒక్కసారి ఉలిక్కిపడి పట్టీ తడిమి చూశాడు. వేళ్ళు సులువుగా దూరాయి. తిరిగొచ్చారు.

"దిగడం ఎలగో సెప్పేవు కాదు," అంది కాశమ్మ.

దింపడానికి ముగ్గురం కావలసి వచ్చింది. ఆ పనికి మాత్రం నేను పనికొచ్చాను.

గవర్రాజు పట్టీ విప్పాడు గానీ జీను ఎత్తడానికి చెయ్యి రాలేదు. నీలిమే ఎత్తింది. పక్కల మీది అడ్డగీతలు రెండు వైపులా ఒక్కలాగే చెదిరిపోయి, జీను అడుగున తెల్లగా అచ్చుపడ్డాయి. మధ్యలో గీత గీసినట్టే ఉంది. గీత పక్కన చుక్కలు పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క చుక్క కూడా చెదరలేదు. పాత పుండు చోట మొలిచిన తెల్ల వెంట్రుకల మీద కూడా ముగ్గు అలాగే నిలబడి ఉంది.

గవర్రాజు వంగి ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాడు, తనెప్పుడూ పట్టలేని చేపల్ని లెక్కపెట్టుకుంటున్నట్టు.

దొరబాబు దగ్గరికొచ్చి తనూ చూశాడు. పగ్గాన్ని చుట్టచుట్టి భుజానికి తగిలించుకుని, జీను తిరగేసి, అడుగున చెయ్యి పెట్టి రాశాడు.

"సెల్లెమ్మా, ఆ సీసం అట్టుకుని ఓపాలి మా సావిడికొత్తావేటి? నా గుర్రాల ఈపులు కూడా సూద్దువు గాని."

"ముందు నీ ఇనప జీన్లు పాత సామాన్లోడికి ఏసెయ్. అప్పుడొత్తాను."

"పెల్లిళ్ళ సీజనే, అద్దాలుండాలే!"

"అద్దాలు నెత్తినెట్టుకో."

దొరబాబు నవ్వాడు గానీ, ఆ తర్వాత నెలలోనే కాశమ్మ మద్దిలపాలెం వెళ్ళొచ్చింది, చేపల తట్టలో గడ్డి పరుచుకుని.

ఆ ఉదయం మాత్రం ఇంకా జనం రాలేదు. గవర్రాజు ముగ్గు తుడవడానికి తడిగుడ్డ తెచ్చాడు. కాశమ్మ అతని చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"ఉండనీ. మల్లీ ఏసెయ్ జీను."

"ఎందుకే?"

"ఎందుకేటి, ఇక్కడిక్కడే తిప్పి దించేసేవు. ఈ పాలి ఆర్కే బీచి దాకా తీసుకెల్లు," అంటూ కాశమ్మ మళ్ళీ పడవ అంచు ఎక్కింది. "దార్లో ఆ గట్టు గవర్రాజని కూసే మొకాలన్నీ నన్ను సూడాల."